తీగలో ఏం జరుగుతోందో ఎవరికి తెలియాలి?

(ఇంటర్నెట్ సేవలు అందించే సంస్థలపై ప్రభుత్వ నియంత్రణ గురించి ఒక బహిరంగ సభలో చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకూ, మిత్రులకూ నమస్కారం. వెనక వరసలదాకా వినబడుతోందా? సరే.

నేను న్యాయవాదిని కాను, ఆర్థికశాస్త్రం చదువుకున్నవాణ్ణీ కాను. నెట్‌వర్క్‌ల పని మీద బతికినవాణ్ణి. కాబట్టి ఇవాళ్టి విషయాన్ని తీగ వైపు నుంచి చెబుతాను. చట్టంతో పని పడ్డప్పుడు దాని దగ్గరికి వెళ్దాం.

ఇంటర్నెట్ కంపెనీలను ప్రభుత్వం అదుపు చెయ్యాలా వద్దా అనగానే జనం రెండు జట్లవుతారు. ఒక జట్టు ఏమంటుందంటే, ఇంటికొచ్చే తీగ ఒకటి రెండు కంపెనీల చేతిలో ఉంది, వాళ్లను వదిలేస్తే డబ్బిచ్చిన వెబ్‌సైట్‌ను పరుగెత్తిస్తారు, ఇవ్వనిదాన్ని పాకిస్తారు అని. రెండో జట్టు ఏమంటుందంటే, సర్కారు చెయ్యి పడలేదు కాబట్టే ఇంటర్నెట్ ఇంతగా పెరిగింది, ఇప్పుడు ఆఫీసర్లను తెచ్చి కూర్చోబెడితే కొత్త తీగ వేసేవాడు ఉండడు, పైగా ఇవాళ రేట్లు చూస్తానన్నవాడు రేపు స్విచ్ మీద చెయ్యేస్తాడు అని. రెండు భయాలకీ ఆధారం ఉంది. జరిగిన ఉదాహరణలే ఉన్నాయి, ఒక్కొక్కటీ చెబుతాను. నాకు మాత్రం ఈ తగువులో అన్నిటికంటే ముందు అడగవలసిన ప్రశ్న వేరే ఉందనిపిస్తుంది. తీగలో ఏం జరుగుతోందో బయటివాడు చూడగలడా? చూడలేనిచోట ఎంత గొప్ప చట్టం చేసినా అమలు చేసేవాడి చేతికి ఏమీ దొరకదు. పది కంపెనీలు పోటీ పడుతున్నా, ఎవణ్ణి వదిలి ఎవరి దగ్గరికి పోవాలో వాడుకునేవాడికి తేలదు.

2007లో అమెరికాలో ఏం జరిగిందో చూడండి. ఒక నెట్‌వర్క్ ఇంజనీరుకి పాతకాలపు బృందగానం అంటే పిచ్చి. నలుగురు కలిసి వాయిద్యాలు లేకుండా గొంతులు కలిపి పాడతారు, బార్బర్‌షాప్ క్వార్టెట్ అంటారు. కాపీరైటు గడువు తీరిపోయిన ఆ రికార్డింగులను బిట్‌టొరెంట్‌లో, అంటే జనం ఒకరి కంప్యూటర్ నుంచి ఒకరు నేరుగా ఫైళ్లు పంచుకునే పద్ధతిలో, పెట్టి పంచుదామనుకున్నాడు. ఎంతసేపు చూసినా అప్‌లోడ్ సాగడం లేదు. మిగతావన్నీ శుభ్రంగా నడుస్తున్నాయి. మామూలు మనిషైతే మోడెమ్ ఆపి మళ్లీ ఆన్ చేసి, కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి, విసుగెత్తి వదిలేస్తాడు. ఈయన తన కనెక్షన్ మీద వచ్చే పోయే ప్యాకెట్లను, అంటే డేటాను కోసి పంపే చిన్న ముక్కలను, పట్టుకుని ఒక్కొక్కటీ విప్పి చూశాడు. మధ్యలో రీసెట్ ప్యాకెట్లు కనబడ్డాయి.

రీసెట్ అంటే ఏమిటో చెబుతాను. రెండు కంప్యూటర్ల మధ్య కనెక్షన్ నడుస్తున్నప్పుడు, ఒకటి ‘ఇక చాలు, తెంచేస్తున్నాను’ అని రెండోదానికి చెప్పే చిన్న సందేశం. అలాంటిది రావడంలో వింత లేదు. వింతేమిటంటే, దాన్ని ఇటువైపు కంప్యూటర్ పంపలేదు, అటువైపుదీ పంపలేదు. మధ్యలో ఆయనకు ఇంటర్నెట్ ఇచ్చే కామ్‌కాస్ట్ కంపెనీ పెట్టిన యంత్రం పంపింది. ఇటువాడి పేరుతో అటు, అటువాడి పేరుతో ఇటు. మీరూ మీ స్నేహితుడూ ఫోన్లో మాట్లాడుకుంటుంటే మధ్యలో ఆపరేటరు మీ గొంతు అనుకరించి ‘మరి ఉంటానురా’ అని లైను కట్ చేసినట్టన్నమాట. (నవ్వులు)

అదే ఏడాది అక్టోబరులో అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ సొంతంగా పరీక్ష చేసింది. దొంగ సినిమా పంపారన్న మాట రాకుండా బైబిల్ ఫైలును ఎంచుకుంది, కింగ్ జేమ్స్ ప్రతి. దానికీ అడ్డు పడ్డారు. కంపెనీ మొదట ‘మేం ఏదీ ఆపడం లేదు’ అంది. తర్వాత ‘ఆపడం లేదు, ఆలస్యం చేస్తున్నాం’ అంది. ఆ తర్వాత ‘ఇది నెట్‌వర్క్ నిర్వహణలో భాగం’ అంది.

కంపెనీ వాదనలో పస లేదని నేననను. కేబుల్ నెట్‌వర్క్‌లో ఒక పేటవాళ్లంతా ఒకే అప్‌లోడ్ సామర్థ్యాన్ని పంచుకుంటారు. అది సన్నగా ఉంటుంది. నలుగురు రాత్రీ పగలూ అప్‌లోడ్ చేస్తుంటే మిగతావాళ్ల ఫోన్ కాల్ తెగుతుంది. ఏదో ఒకటి చెయ్యాల్సిందే. కానీ రద్దీ తగ్గించడానికి అప్లికేషన్ పేరు చూడనక్కర్లేదు. ఆ కాసేపు ఎవరు ఎక్కువ లాగుతున్నారో వాళ్ల వేగం తగ్గించవచ్చు, వాళ్లు పాటలు పంపినా పాఠాలు పంపినా. తర్వాత కామ్‌కాస్ట్ మారింది కూడా ఆ పద్ధతికే. అంటే పని సక్రమంగా చేసే దారి మొదటినుంచీ ఉంది. ఎవరూ చూడడం లేదు కాబట్టి సులువైన దారి పట్టారు. ఆ ఇంజనీరుకి ప్యాకెట్లు విప్పి చూడడం వచ్చి ఉండకపోతే ఈ కేసే లేదు.

ఒక చిన్న ముచ్చట. దీనిమీద 2008 ఫిబ్రవరిలో హార్వర్డ్‌లో బహిరంగ విచారణ పెట్టారు. హాలు నిండిపోయింది, చాలామంది బయటే నిలబడిపోయారు. తీరా చూస్తే, సీట్లు పట్టి ఉంచడానికి కామ్‌కాస్ట్ కొందరికి డబ్బిచ్చి కూర్చోబెట్టిందని తేలింది. కంపెనీయే ఒప్పుకుంది. వాళ్లలో కొందరు కునుకు తీశారట. మీరంతా డబ్బులు తీసుకోకుండానే వచ్చారనుకుంటాను. (నవ్వులు)

అమెరికా టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 2008 ఆగస్టులో కామ్‌కాస్ట్ చేసింది తప్పని తేల్చింది. 2010 ఏప్రిల్‌లో కోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. కంపెనీ చేసింది ఒప్పని కోర్టు అనలేదు. ‘ఈ పని చేసే అధికారం నీకెక్కడిది’ అని ఎఫ్‌సీసీని అడిగింది, అంతే.

ఇక్కడ కాస్త చట్టంలోకి వెళ్లాలి. ఎక్కువసేపు ఉంచను. అమెరికాలో 1934 నాటి కమ్యూనికేషన్ల చట్టం టెలిఫోన్ కంపెనీలను ఉమ్మడి రవాణాదారులుగా చూసింది. రైలు లాగా, వచ్చినవాణ్ణల్లా ఎక్కించుకోవాలి, ఒకడికో రేటు ఇంకొకడికో రేటు పనికిరాదు. 1996లో చట్టాన్ని సవరించినప్పుడు రెండు గళ్లు గీశారు. ఒకటి టెలికమ్యూనికేషన్ సేవ, దానికి ఈ కట్టుబాట్లన్నీ ఉంటాయి. రెండోది సమాచార సేవ, దానికి దాదాపు ఏమీ ఉండవు. ఇంటర్నెట్ కనెక్షన్ ఏ గడిలో పడుతుందో చట్టం తేటగా చెప్పలేదు. ఇన్నేళ్ల కొట్లాటకీ మూలం అదే.

2002లో ఎఫ్‌సీసీ కేబుల్ ఇంటర్నెట్‌ను సమాచార సేవ గడిలో వేసింది. అది 2005లో సుప్రీంకోర్టుకు వెళ్లింది, బ్రాండ్ ఎక్స్ కేసు. ఎఫ్‌సీసీయే గెలిచింది, ఆరుగురు ఒకవైపు, ముగ్గురు ఒకవైపు. తీర్పు రాసిన జస్టిస్ థామస్, కారు అమ్మేవాడు కారు అమ్ముతున్నాడంటాం గాని ఇంజనూ చాసీ విడివిడిగా అమ్ముతున్నాడని అనం కదా అన్నారు. విభేదించిన జస్టిస్ స్కాలియా పిజ్జా దుకాణం సంగతి ఎత్తారు. దుకాణంవాడు పిజ్జా చేసి మీ ఇంటికి తెచ్చి ఇస్తూ, ‘మేం డెలివరీ సేవ ఇవ్వడం లేదండీ’ అంటే ఎవరైనా నమ్ముతారా అని. నా ఓటు స్కాలియాకే. ఆయన రాజకీయంగా ఏ పక్షంవాడో చూడండి, కంపెనీల మీద కక్ష గట్టినవాడేమీ కాదు. వాక్యాన్ని వాక్యంలాగా చదివాడు.

ఆ గడి ఎంత ముఖ్యమో తెలియాలంటే మాడిసన్ రివర్ అనే చిన్న టెలిఫోన్ కంపెనీ కథ చాలు. తన డీఎస్ఎల్ కనెక్షన్ల మీద, అంటే టెలిఫోన్ తీగ మీద ఇచ్చే ఇంటర్నెట్ మీద, ఇంటర్నెట్ ఫోన్ కాల్స్ పోకుండా అడ్డుకుంది. తన ఫోన్ వ్యాపారానికి గండి పడుతోందని. 2005 మార్చిలో ఎఫ్‌సీసీ పట్టుకుంది, 15,000 డాలర్లు కట్టి ఇక అడ్డుకోనని రాసిచ్చింది. చకచకా అయిపోయింది. ఎందుకంటే అప్పటికి డీఎస్ఎల్ ఇంకా మొదటి గడిలోనే ఉంది. అదే ఏడాది ఆగస్టులో దాన్నీ రెండో గడిలోకి మార్చారు. రెండేళ్లకు కామ్‌కాస్ట్ కేసు వచ్చేసరికి ఎఫ్‌సీసీ చేతిలో కర్ర లేదు.

తర్వాతి చరిత్ర గబగబా చెప్పేస్తాను, ఎందుకంటే అది ఒకే సీన్ మళ్లీ మళ్లీ వేసినట్టుంటుంది. 2010లో కొత్త నిబంధనలు. 2014 జనవరిలో వెరైజన్ అనే టెలికాం కంపెనీ కేసులో కోర్టు వాటిలో ముఖ్యమైనవాటిని కొట్టేసింది. 2015 ఫిబ్రవరిలో టామ్ వీలర్ ఛైర్మన్‌గా ఉండగా ఇంటర్నెట్‌ను మొదటి గడిలోకి తెచ్చారు. ఆపకూడదు, వేగం తగ్గించకూడదు, డబ్బు తీసుకుని ముందుకు తొయ్యకూడదు. ఎఫ్‌సీసీ సభ్యుల ఓటింగు 3-2. ఈ వీలర్ ఒకప్పుడు కేబుల్, మొబైల్ కంపెనీల సంఘాలకు నాయకత్వం వహించినవాడే. 2017 డిసెంబరులో అజిత్ పాయ్ ఛైర్మన్‌గా అదంతా రద్దు. ఓటింగు 3-2. 2024 ఏప్రిల్‌లో జెస్సికా రోజెన్‌వర్సెల్ ఛైర్మన్‌గా పునరుద్ధరణ. 3-2. ఆ జూన్‌లోనే సుప్రీంకోర్టు లోపర్ బ్రైట్ కేసులో, చట్టం అస్పష్టంగా ఉన్నచోట ప్రభుత్వ సంస్థ చెప్పిన అర్థాన్ని కోర్టులు మన్నించాలన్న పాత సూత్రాన్ని తీసేసింది. 2025 జనవరి 2న ఆరో సర్క్యూట్ అనే అప్పీళ్ల కోర్టు ఆ ఊతంతో పునరుద్ధరణను కొట్టేసింది. తమాషా ఏమిటంటే, 2005లో కంపెనీలను గెలిపించింది కూడా అదే పాత సూత్రం.

ఇలా ప్రెసిడెంటు మారినప్పుడల్లా గడి మారడం ఎవరికీ మంచిది కాదు. కంపెనీకీ కాదు, జనానికీ కాదు. చట్టసభ కూర్చుని రెండు వాక్యాలు రాయాల్సిన పని. అమెరికన్ కాంగ్రెస్ ఆ పని ఇంతవరకూ చెయ్యలేదు.

అయితే ఈ ఎక్కడం దిగడంలో ఒక్క నిబంధన మాత్రం చెక్కు చెదరలేదు. కనెక్షన్‌ను మీరెలా నిర్వహిస్తున్నారో బయటపెట్టండి అన్న పారదర్శకత నిబంధన. 2014లో కోర్టు మిగతావి కొట్టేసినా దాన్ని ఉంచింది. 2017లో అన్నీ రద్దు చేసిన అజిత్ పాయ్ కూడా దాన్ని తియ్యలేదు. పైగా తన రద్దుకు అదే ఆధారమన్నాడు. కంపెనీలు చెప్పింది చెయ్యకపోతే వినియోగదారుల రక్షణ సంస్థ చూసుకుంటుందని. రెండు జట్లూ ఒప్పుకున్న విషయం అదొక్కటే.

మరి ఒప్పుకున్నదాన్ని ఎలా అమలు చేశారు? లాయర్లు రాసిన పేజీలు. ‘నెట్‌వర్క్ పరిస్థితులను బట్టి వేగం మారవచ్చు’ అనే వాక్యం మీరు ఎన్నిసార్లు చూసుంటారు? అందులో అబద్ధం లేదు. సమాచారమూ లేదు. 2024 ఏప్రిల్ నుంచి అమెరికాలో పెద్ద కంపెనీలు ఆహార ప్యాకెట్ మీద ఉండే పట్టికలాంటి లేబుల్ చూపించాలి. నెలకు ఎంత, మామూలుగా వచ్చే వేగం ఎంత, ఆలస్యం ఎన్ని మిల్లీసెకన్లు, డేటా పరిమితి దాటితే ఏమవుతుంది. అది మెరుగే. కానీ లేబుల్ చెప్పలేనిది ఒకటుంది, అది నా వృత్తిలో బాగా తెలిసిన విషయం.

ఏ ఇంటర్నెట్ కంపెనీకైనా తన నెట్‌వర్క్ ఇంకొకరి నెట్‌వర్క్‌తో కలిసే చోట్లు ఉంటాయి. ఆ కూడలిలో పోర్టులుంటాయి, అంటే రెండు నెట్‌వర్క్‌ల తీగలు వచ్చి కలిసే ద్వారాలు. ఒక్కో పోర్టుకీ ఒక గ్రాఫ్ ఉంటుంది, అయిదు నిమిషాలకోసారి ఎంత ట్రాఫిక్ పోయిందో గీస్తుంది. ఆరోగ్యంగా ఉన్న పోర్టు గ్రాఫ్ పొద్దున లేస్తుంది, సాయంత్రం ఏడు దాటాక ఎత్తుకి పోతుంది, అర్ధరాత్రికి దిగుతుంది. పైన గుండ్రంగా ఉంటుంది. నిండిపోయిన పోర్టు గ్రాఫ్ ఏడింటికి పైకప్పు తాకుతుంది, అక్కడినుంచి పదకొండు దాకా స్కేలు పెట్టి గీసినట్టు అడ్డంగా పోతుంది. ఆ నాలుగు గంటలూ ప్యాకెట్లు పడిపోతుంటాయి. ఇంట్లో వీడియో మసకబారుతుంది. కంపెనీ దేన్నీ ఆపలేదు, వేగం తగ్గించే సాఫ్ట్‌వేర్ ఏదీ పెట్టలేదు. పోర్టు పెంచలేదు, అంతే. నెట్‌వర్క్ ఆఫీసులో ఆ గ్రాఫ్ చూసినవాళ్లందరికీ సంగతి తెలుసు. బయట ఒక్కరికీ తెలియదు.

2013 చివర్లో, 2014 మొదట్లో నెట్‌ఫ్లిక్స్‌కీ అమెరికా పెద్ద కంపెనీలకీ మధ్య జరిగింది ఇదే. ట్రాఫిక్ తెచ్చేవాళ్లు మీరు పోర్టులు పెంచడం లేదన్నారు, కంపెనీలు మీరు లెక్కకు మించి తోస్తున్నారు, ఖర్చు మీరే పెట్టుకోండి అన్నాయి. 2014 ఫిబ్రవరిలో నెట్‌ఫ్లిక్స్ నేరుగా కామ్‌కాస్ట్‌కి డబ్బిచ్చి కలుపుకుంది, చిత్రం తేటపడింది. ఎవరిది తప్పు? ఆ ఏడాది అక్టోబరులో ఎం-ల్యాబ్ అనే బహిరంగ కొలతల వేదిక తన లెక్కలు బయటపెట్టి, ఇంత పొడుగున సాగిన ఈ మందగింపు సాంకేతిక లోపంలా లేదు, ఏ కంపెనీకి ఏ కంపెనీతో ఎలాంటి వ్యాపార సంబంధం ఉందో దాన్నిబట్టి మారుతోంది అని చూపించింది. లక్షలమంది మామూలు వినియోగదారులు చేసిన స్పీడ్ టెస్టుల నుంచి తీసిన ఫలితం అది. బయటినుంచి చూసి ఇంతదాకా చెప్పగలిగారంటే, లోపలి గ్రాఫులు బయటపెడితే ఇంకెంత తేలేదో ఆలోచించండి.

డబ్బు ఎవరు ఎవరికివ్వాలన్నది ప్రభుత్వమే నిర్ణయిస్తే బాగుపడుతుందా? దక్షిణ కొరియా చూడండి. 2016లో అక్కడ కంపెనీల మధ్య ట్రాఫిక్ పంపేవాడు అందుకునేవాడికి చెల్లించాలన్న పద్ధతి పెట్టారు. ఆ బరువు చివరికి కంటెంట్ ఇచ్చేవాళ్ల మీదికి వచ్చింది. ట్విచ్ అనే ప్రత్యక్ష ప్రసార సంస్థ, కొరియాలో నెట్‌వర్క్ రుసుములు చాలా దేశాలకంటే పది రెట్లు ఉన్నాయని చెప్పి, ముందు వీడియో స్పష్టతను తగ్గించింది, 2024 ఫిబ్రవరిలో ఆ దేశంలో వ్యాపారమే మూసేసింది. నియంత్రణ అంటేనే వినియోగదారుడి మేలు అనుకునేవాళ్లకి ఇది చెబుతుంటాను. నియంత్రణ ఎవరి వైపునుంచి రాశారన్నదాన్ని బట్టి ఉంటుంది.

ఇప్పుడు భారతదేశం. ఇక్కడి చర్చ అమెరికాది చూసి రాసిన కాపీ అని కొందరంటారు. నేను ఒప్పుకోను. అక్కడ తగువు వేగం గురించి, ఇక్కడ తగువు రేటు గురించి. 2014 డిసెంబరులో ఎయిర్‌టెల్ ఇంటర్నెట్ కాల్స్‌కి విడిగా వసూలు చేస్తామని ప్రకటించి, గగ్గోలు పుట్టాక వెనక్కి తగ్గింది. 2015 మార్చి 27న భారత టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ సంప్రదింపుల పత్రం వదిలింది, అందులో ఇరవై ప్రశ్నలు. పది లక్షలకు పైగా ఈమెయిళ్లు వెళ్లాయి. ట్రాయ్ వాటన్నిటినీ పంపినవాళ్ల ఈమెయిల్ చిరునామాలతో సహా వెబ్‌సైట్‌లో పెట్టేసింది! పారదర్శకత అంటే ఇది కాదు సుమా. (నవ్వులు)

ఆ తర్వాత ఫేస్‌బుక్ వారి ఫ్రీ బేసిక్స్ వచ్చింది. ఎంపిక చేసిన కొన్ని సైట్లు డేటా ఖర్చు లేకుండా చూడవచ్చు. దీన్ని సమర్థించినవాళ్ల ప్రశ్నను తేలిగ్గా తీసిపారెయ్యకూడదు. అసలు ఇంటర్నెట్టే లేనివాడికి కొంత ఇస్తుంటే, అంతా ఇవ్వడం లేదని వద్దంటారా? గట్టి ప్రశ్న. నా జవాబు ఏమిటంటే, ఉచితంగా ఇచ్చేది డేటా అయితే అభ్యంతరమే లేదు. రోజుకి ఇన్ని ఎంబీలు ఊరికే ఇవ్వండి, ఏం చూసుకోవాలో వాడే చూసుకుంటాడు. ఫలానా సైట్లే ఉచితం అన్నప్పుడు ఆ జాబితా రాసేవాడు మొత్తం మార్కెట్‌కి ద్వారపాలకుడవుతాడు. పైగా జాబితాలో లేని కొత్త సంస్థ ఆ జాబితా వల్ల పోయిన గిరాకీని ఎలా రుజువు చేస్తుంది? రానివాళ్లను లెక్కపెట్టలేం కదా.

2016 ఫిబ్రవరి 8న ట్రాయ్ నిబంధన తెచ్చింది. చూసే కంటెంటును బట్టి డేటాకు వేర్వేరు రేట్లు పెట్టకూడదు. ఉల్లంఘిస్తే రోజుకి 50,000 రూపాయలు, గరిష్ఠంగా 50 లక్షలు. అత్యవసర సేవలకు మినహాయింపు. జరిమానా పెద్ద కంపెనీకి చిల్లర డబ్బులే, ఆ సంగతి అలా ఉంచండి. నాకు నచ్చింది నిబంధన రూపం. అమెరికాలో ఇలాంటి పథకాలను ఒక్కొక్కటిగా పరిశీలిస్తామన్నారు. ఒక్కొక్కటి పరిశీలించాలంటే ప్రతిదానికీ లోపలి ఒప్పందాలు కావాలి, లాయర్లు కావాలి, రెండేళ్లు పడుతుంది. ఈలోగా చిన్నవాడు చచ్చిపోతాడు. రేటు అనేది అందరికీ కనబడేది. కనబడేదాని మీద గీత గీస్తే, దాటారో లేదో కాలేజీ పిల్లవాడు కూడా చెప్పగలడు. యూరప్‌లో 2015 నాటి నిబంధన ఈ విషయాన్ని నానబెట్టింది. చివరికి 2021లో యూరప్ న్యాయస్థానం జర్మనీ కేసుల్లో ఇలాంటి పథకాలు చెల్లవనేదాకా వచ్చింది. దాదాపు ఆరేళ్లు తిరిగి అక్కడికే చేరారు.

ఈమెయిళ్ల సంగతి ఎత్తాను కాబట్టి ఇంకొకటి. ఫేస్‌బుక్ తన సభ్యుల చేత లక్షలకు లక్షలు ఒకే మూసలో ఉత్తరాలు పంపించినప్పుడు, మేం అడిగిన ప్రశ్నలకు జవాబు చెప్పకుండా దీన్ని ఏర్పాటు చేసిన ఓటింగులా మార్చేస్తున్నారని ట్రాయ్ మందలించింది. సరిగ్గా మందలించింది. 2017లో అమెరికాలో ఎఫ్‌సీసీకి రెండు కోట్ల ఇరవై లక్షలకు పైగా అభిప్రాయాలొచ్చాయి. న్యూయార్క్ అటార్నీ జనరల్ దర్యాప్తు చేసి 2021లో చెప్పిందేమిటంటే, వాటిలో దాదాపు కోటీ ఎనభై లక్షలు నకిలీవి. 85 లక్షలు కంపెనీల డబ్బుతో నడిచిన ప్రచారంలో, అసలు మనుషులకు తెలియకుండా వాళ్ల పేర్లతో పడ్డవి. 77 లక్షలు పంతొమ్మిదేళ్ల కాలేజీ కుర్రాడొకడు సాఫ్ట్‌వేర్‌తో తయారు చేసినవి, అతను నిబంధనలు ఉండాలనే పక్షం. రెండు వైపులా బురదే. ‘ప్రజలు ఏమనుకుంటున్నారో చూడండి’ అని ఎవరైనా అంకెలు చూపిస్తే, ఆ అంకెలు ఎలా వచ్చాయో కూడా చూపించమనండి.

నియంత్రణ వద్దనేవాళ్ల వాదనలో నాకు ఒప్పుదలైనది చెప్పకపోతే అన్యాయం. 2017 రద్దు తర్వాత ఇంటర్నెట్ చచ్చిపోతుందన్నారు. చావలేదు. వెబ్‌సైట్లను ప్యాకేజీలుగా కట్టి అమ్ముతారన్నారు. అమ్మలేదు. దీనికి కాలిఫోర్నియా 2018లో ఆ రద్దయిన నిబంధనలలాంటివాటితో సొంత చట్టం చెయ్యడం కొంత కారణం, జనం కళ్లు వాళ్లమీద ఉండడం కొంత కారణం అని నా అంచనా. ఏమైనా ఆ జోస్యం తప్పింది, తప్పిందనే చెప్పాలి. పెట్టుబడుల సంగతి కూడా అంతే. 2015 నిబంధనల వల్ల పెట్టుబడి తగ్గిందని ఒకరు, పెరిగిందని ఇంకొకరు అంకెలు తెచ్చారు. తీగలు తవ్వి వేసే నిర్ణయాలు ఏళ్ల ముందే జరుగుతాయి, ఒక ఉత్తర్వు ప్రభావాన్ని అందులోంచి వేరుచెయ్యడం అంత తేలిక కాదు.

కానీ 2018 వేసవిలో కాలిఫోర్నియాలో అడవులు తగలబడుతుంటే శాంటా క్లారా కౌంటీ అగ్నిమాపక దళానికి ఏమైందో చూడండి. సహాయక బృందాలను సమన్వయం చేసే వాహనానికి వెరైజన్ కనెక్షన్. అపరిమిత ప్లానే. పరిమితి దాటారని వేగాన్ని మామూలులో రెండువందలో వంతుకి పడగొట్టారు. ‘మంటల దగ్గర ఉన్నాం, తీసెయ్యండి’ అని ఈమెయిళ్లు పెడితే, ఇంకా ఖరీదైన ప్లాన్‌కి మారమన్నారు. తర్వాత కంపెనీ అది తమ కస్టమర్ సర్వీసు పొరపాటని ఒప్పుకుంది. 2015 నిబంధనలు అమల్లో ఉన్నా ఇది నేరుగా వాటికిందకు వచ్చేదా అన్నది వాదించదగ్గదే, ఎందుకంటే ఇక్కడ ఏ వెబ్‌సైట్‌నూ ప్రత్యేకించి తగ్గించలేదు. అయితే అర్ధరాత్రి ఫిర్యాదు తీసుకుని కంపెనీని నిలదీసే అధికారం ఉన్న మనిషి ఎక్కడున్నాడు? ఎఫ్‌సీసీ ఆ కుర్చీని తనే ఖాళీ చేసింది. 2019లో కోర్టు రద్దును చాలావరకూ సమర్థిస్తూనే, ప్రజాభద్రత సంగతి మీరు ఆలోచించనేలేదు, మళ్లీ చూడండని వెనక్కి పంపింది.

ఇక స్విచ్. రెండో జట్టు భయం. 2011 జనవరి 27 అర్ధరాత్రి దాటాక ఈజిప్టు ఇంటర్నెట్ పోయింది. ఎవరూ కేబుల్ కొయ్యలేదు. ప్రభుత్వం చెప్పింది, కంపెనీలు ఒక్కొక్కటిగా కొన్ని నిమిషాల తేడాతో తమ నెట్‌వర్క్‌లకు దారి చూపే ప్రకటనలను వెనక్కి తీసుకున్నాయి. దాదాపు 3,500 దారులు ప్రపంచ పటం నుంచి చెరిగిపోయాయి. నూర్ అనే ఒక చిన్న కంపెనీ ఇంకొన్ని రోజులు నడిచింది. లైసెన్సు ఇచ్చే చేతికి ఆ బలం ఎక్కడైనా ఉంటుంది. కంపెనీల్ని నియంత్రించకపోతే ఈ ప్రమాదం తప్పుతుందని అనుకోవద్దు. ఈజిప్టులో కంపెనీల ధరల మీదా ప్రాధాన్యాల మీదా కట్టడి లేకపోయినా ఆ రాత్రి అదే జరిగేది. అది వేరే అధికారం. దాని మీద వేరే కట్టు ఉండాలి. భారతదేశంలో 2020 జనవరి 10న అనురాధా భసీన్ కేసులో సుప్రీంకోర్టు, ఇంటర్నెట్ నిలిపివేత ఉత్తర్వులను ప్రచురించాలని, గడువు లేకుండా నిలిపివెయ్యడం చెల్లదని చెప్పింది. ప్రచురించాలి అన్న మాట మీద ఆగండి. ఉత్తర్వు చేతికొస్తేనే కదా దాని మీద కోర్టుకు పోగలం. కంపెనీ పోర్టు గ్రాఫ్‌కీ, సర్కారు నిలిపివేత ఉత్తర్వుకీ నేను పెట్టే షరతు ఒకటే.

ఇంక ప్రశ్నలు తీసుకుంటాను. ఆ చివర చెయ్యెత్తినవారు.

(ప్రశ్న: పోటీ ఉంటే ఈ నిబంధనలన్నీ ఎందుకండీ? నచ్చకపోతే కంపెనీ మారిపోతాం కదా.)

మారగలిగితే సంతోషమే. ఇంటికి తవ్వి తీగ వెయ్యడం ఖరీదైన పని, నలుగురు నాలుగు తీగలు వెయ్యరు. అందుకే బ్రిటన్‌లో 2006లో బీటీ కంపెనీ తీగల విభాగాన్ని ఓపెన్‌రీచ్ పేరుతో వేరు చేసి, అందరికీ ఒకే షరతుల మీద అద్దెకివ్వమన్నారు. తీగ ఒకటే, దానిమీద సేవ అమ్మేవాళ్లు పదిమంది. కాబట్టి అక్కడి పోటీ కూడా నియంత్రణ పెడితే పుట్టిందే. మొబైల్‌లో పోటీ ఎక్కువ, ఒప్పుకుంటాను. కానీ నెదర్లాండ్స్‌లో 2011లో కేపీఎన్ అనే టెలికాం కంపెనీ, వాట్సాప్‌లాంటి వాటికి విడిగా వసూలు చేస్తామన్నప్పుడు అక్కడ మొబైల్ కంపెనీలు చాలానే ఉన్నాయి. ఆదాయం పోతున్నది అందరికీ కాబట్టి అందరికీ ఒకే ఆలోచన వస్తుంది. చివరికి వాళ్లు 2012లో చట్టం చేసుకున్నారు, యూరప్‌లో మొదటగా.

అమ్మా, మీరడగండి.

(ప్రశ్న: మా ఇంట్లో రోజూ రాత్రిపూట వీడియోలు ఆగిపోతాయి. కంపెనీ కావాలని చేస్తోందో, నిజంగా రద్దీయో నాకెలా తెలుస్తుంది?)

పూర్తిగా తెలియదమ్మా. కొంతదాకా తెలుసుకోవచ్చు. ముందు వైఫై వద్దు, కేబుల్ పెట్టి కొలవండి, సగం కేసులు అక్కడే తేలిపోతాయి. పొద్దున ఒకసారి, రాత్రి తొమ్మిదికి ఒకసారి, వారం రోజులు కొలవండి. కంపెనీ సొంత స్పీడ్ టెస్ట్ ఒక్కటే వాడకండి, అది వాళ్ల నెట్‌వర్క్ లోపలే తిరిగొస్తుంది. బయటి సర్వర్‌తో కూడా చూడండి. లోపల బాగుండి బయట పడిపోతుంటే, అనుమానం నేను చెప్పిన కూడలి మీదికి పోతుంది. తర్వాత వీపీఎన్, అంటే మీరు ఏం చూస్తున్నారో కంపెనీకి కనబడకుండా కప్పి వేరే సర్వర్ గుండా పంపే ఏర్పాటు, పెట్టి అదే వీడియో చూడండి. దానితో బాగా వస్తే రెండే అవకాశాలు. ఆ సైట్‌ను గుర్తుపట్టి తగ్గిస్తున్నారు, లేకపోతే వీపీఎన్ మిమ్మల్ని వేరే కూడలి గుండా తీసుకెళ్తోంది. ఈ రెండిట్లో ఏదో మీ ఇంట్లో కూర్చుని నేను కూడా చెప్పలేను. అందుకని ఫిర్యాదులో ‘నెట్ స్లోగా ఉంది’ అని రాయకండి. తేదీ, గంట, ఏ సర్వర్, ఎంత వచ్చింది, వీపీఎన్‌తో ఎంత వచ్చింది, అన్నీ రాసి, ఆ గంటలో ఆ దారిలోని పోర్టు ఎంత నిండిందో రాతపూర్వకంగా చెప్పమని అడగండి. మొదటిసారి చెప్పరు. మా ఇంజనీరు వస్తాడు, మోడెమ్ చూస్తాడంటారు. మోడెమ్ చూడనివ్వండి, చూశాక అదే ప్రశ్న మళ్లీ పంపండి, ఈసారి నియంత్రణ సంస్థకి కూడా ఒక కాపీ పెట్టి.